డెడ్ స్కిన్ గీకేయమన్నది ఎవరండీ?

ఆగండి, ఆ నిమ్మచెక్క పక్కన పెట్టండి!

మహారాష్ట్ర అంచునున్న మన సిరోంచలో ఇప్పుడు ఏ ఫోన్ తెరిచినా అదే రీల్. నిమ్మచెక్క మీద వంటసోడా చల్లి మొహానికి రుద్దాలట, డెడ్ స్కిన్ ఊడిపోయి తెల్లగా అయిపోతారట. మీ ఒంటిని కాపాడేదే ఆ చచ్చిన చర్మం. దాన్ని గీకేయడమేంటండీ?

అవును, చచ్చినదే. పైపొర అడుగున పుట్టిన కణం కెరటిన్ అనే గట్టి ప్రొటీన్ నింపుకుంటూ పైకి జరిగి, చివరికి చచ్చి బల్లపరుపుగా అయిపోతుంది. అలాంటివి 15, 20 వరసలు. సందుల్లో కొవ్వు. లోపలి నీరు ఆవిరైపోకుండా, బయటి క్రిములు దూరకుండా ఆపేది అదే. పుట్టిన నెల, నెలన్నరలో ఒక్కో కణం దానంతట అదే రాలిపోతుంది. మీ సాయం అక్కర్లేదు!

నమ్మరా? ప్రాణహిత నది దాటి తెలంగాణకు మిర్చి ఏరడానికి పోయొచ్చిన అక్కల్ని అడగండి. గంటల తరబడి కాయ తెంపినా అరచెయ్యి ఓర్చుకుంటుంది. అదే చెయ్యి పొరపాటున కనురెప్పకు తగిలిందా, ఇల్లు పీకి పందిరేస్తారు! చచ్చిన వరసలతో కలిపి చర్మం పైపొర మొత్తం మందం అరచేతిలో 1.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, రెప్ప మీద 0.05 మాత్రమే. అన్నట్టు, చేతికంటిన ఆ ఘాటు ఉత్త నీళ్లకు వదలదు. ముందు నూనె రాసి తుడవండి, తర్వాత సబ్బు.

పోనీ, రుద్దితే తెల్లబడతారా? రంగునిచ్చే మెలనిన్ తయారయ్యేది ఆ పైపొర అట్టడుగున. అక్కడిదాకా గీకితే రక్తం వస్తుంది, తెలుపు రాదు. పైగా పీహెచ్ అంటే ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. నిమ్మరసానిది 2 దగ్గర, సోడాది 8 పైన, మీ చర్మానిది 5 దగ్గర. ఆ తేడాకు మంటపుట్టిన చోట మన చామనఛాయ మొహాల మీద నల్లమచ్చ పడుతుంది.

నా అనుమానం చెప్పనా? రుద్దుడు నేర్పే ఛానళ్లే మర్నాడు సెరమైడ్ క్రీమ్ లింక్ పెడతాయి. సెరమైడ్ అంటే ఏమనుకున్నారు? ఇందాక చెప్పిన సందుల్లోని కొవ్వే! గోడ పగలగొట్టేదీ వాళ్లే, సిమెంటు అమ్మేదీ వాళ్లే. అబ్బ, ఏం వ్యాపారమండీ!

ఇప్పటికే రుద్దేసి మండుతోందంటారా? మామూలు నీళ్లతో కడిగి, పల్చగా వాజలిన్ రాయండి. పుండు పడితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ ట్యూబు మాత్రం తెచ్చుకోవద్దు. 2018 నుంచి అది చీటీ లేకుండా అమ్మకూడని సరుకు, పైగా ఈ పొరనే ఇంకా పల్చబరుస్తుంది. దాని సంగతి రేపటి వీడియోలో తేలుద్దాం.