రొయ్య పైకి తేలిన రాత్రి: కణం లోపల ఏం జరుగుతుంది?

నమస్కారం అండీ. పోయిన వేసవిలో ఇందుకూరుపేట వైపు మా పెదనాన్న రొయ్యల గుంట దగ్గర పడుకున్నాను. తెల్లవారుజామున 3 గంటలకు కరెంటు పోయింది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి, జనరేటర్ ఎంతకీ స్టార్ట్ కాలేదు. కాసేపటికి కాపలా అతను "అన్నా, డీఓ పడిపోయింది, రొయ్య పైకొచ్చేసింది" అని కేకేశాడు. టార్చి వేసి చూస్తే గట్టు వెంబడి నీళ్ల మీద ఎర్రగా మెరిసే కళ్లు. ఎక్కడ చూసినా కళ్లే. ఒక్కటీ ఎగరడం లేదు.

డీఓ అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. అది తగ్గితే రొయ్య చస్తుందని మన రైతులందరికీ తెలుసు. మరి ఆ ఆక్సిజన్ రొయ్య ఒంట్లో ఎక్కడికి పోతుంది? కణాల్లో ఉండే మైటోకాండ్రియాలోకి.

బడిలో వీటిని 'కణ శక్త్యాగారాలు' అని బట్టీ పట్టాం. ఆ మాట వింటే పిల్లలకు గోడౌన్ గుర్తొస్తుంది, లోపల శక్తి మూటలు కట్టి పెట్టినట్టు. కానీ అక్కడ నిల్వ ఏమీ లేదు. కణంలో పనులకు శక్తినందించే అణువు ఏటీపీ. మనకు రోజు మొత్తానికి దాదాపు మన బరువంత ఏటీపీ కావాలి. ఏ క్షణంలో చూసినా ఒంట్లో ఉండేది పావుకిలో లోపే. ఖర్చయినదాన్ని ఖర్చయినట్టే మళ్లీ తయారు చేసుకుంటూ ఉండాలి. ఈ ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కండరాల మీద పనిచేస్తూ పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టారు. మన పిల్లలకు ఈ పేరు తెలియకపోవడం నాకు నిజంగా బాధ.

ఇంతకీ తయారీ ఎలాగంటే, మైటోకాండ్రియాలో లోపలి పొర ఉంటుంది, మడతలు మడతలుగా. తిండి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఆ పొరలో చేతులు మారుతూ పోతుంటే, ఆ ఊపుతో ప్రోటాన్లు పొరకు అవతల పోగవుతాయి. సోమశిల డ్యామ్‌లో నీళ్లు నిలిచినట్టు. వెనక్కి రావడానికి వాటికి ఉన్న ముఖ్యమైన దారి ఒక చిన్న చక్రం. ప్రోటాన్లు దూరినప్పుడల్లా అది గిర్రున తిరుగుతుంది, ఏటీపీ తయారవుతుంది. చివర్లో ఎలక్ట్రాన్లను అందుకునేది ఆక్సిజనే. అది లేకపోతే వరస మొత్తం ఆగిపోతుంది. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్‌కు సుమారు 30 ఏటీపీలు, లేకపోతే 2. ఆ రాత్రి రొయ్యలు ఎగరకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ప్రోటీన్ సంగతి. ఇన్సులిన్‌నే చూడండి, షుగరు లేని ఇల్లు ఏదీ లేదు కాబట్టి. కేంద్రకంలోని డీఎన్ఏ నుంచి నకలు బయటికొస్తుంది. ప్రోటీన్లు కట్టే రైబోజోము దాన్ని చదువుతూ అమినో ఆమ్లాలను ఒక్కొక్కటిగా గుచ్చుతుంది. మొదట తయారయ్యే దండలో 110 ఉంటాయి. కానీ అది ఇంకా ఇన్సులిన్ కాదు. మన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో తల తీసి, పొట్టు వలిచి, కౌంట్ చూసి ప్యాక్ చేస్తారు కదా, ఇక్కడా అలాంటి పనే. కణంలో పొరల వలలా ఉండే అంతర్జీవద్రవ్య జాలంలో దండ ముందు భాగం 24 తెగిపోతాయి, మిగతాది సరైన చోట ముడులు వేసుకుని మడత పడుతుంది. అక్కడి నుంచి గాల్జీ అనే కణ భాగానికి. గాల్జీ దాన్ని చిన్న సంచుల్లోకి సర్దుతుంది. ఆ సంచుల్లో మధ్య ముక్క తెగి పక్కకు పోతుంది. చివరికి మిగిలేది 51 అమినో ఆమ్లాల ఇన్సులిన్. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు సంచి కణం అంచుకు చేరి తెరుచుకుంటుంది.

పుస్తకంలో ఏటీపీ తయారీ, ప్రోటీన్ తయారీ వేరు వేరు పేరాలు. కణంలో మాత్రం ఒకటి లేకుండా ఇంకొకటి లేదు. ఒక్క అమినో ఆమ్లాన్ని గుచ్చడానికే సుమారు నాలుగు ఏటీపీల ఖర్చు. 110 అంటే 400 పైచిలుకు, ఒక్క దండకు! ఆ ఏటీపీని తయారుచేసే చక్రమూ ప్రోటీనే. మన కణాల్లో దాని భాగాలు చాలావరకు మైటోకాండ్రియా బయటి రైబోజోములు కట్టి లోపలికి పంపుతాయి, ఒకటి రెండు భాగాలను మైటోకాండ్రియా సొంత రైబోజోములే కడతాయి.

అయిదు కావస్తుండగా జనరేటర్ అందుకుంది. ఏరియేటర్లు నీళ్లు చిమ్మడం మొదలుపెట్టాయి. ముందు గట్టు పక్కన ఒక రొయ్య తోక కొట్టి ఎగిరింది. తర్వాత ఇంకొకటి.