పోకర్‌లో వరసగా పోతున్నప్పుడు: ఏ ఓటమి మీది, ఏ ఓటమి ముక్కలది

[స్క్రీన్ మీద: పచ్చటి టేబుల్, మధ్యలో చిప్‌లు, బోర్లించిన రెండు ముక్కలు]

నమస్కారం. లాస్ వేగాస్‌లోనో, కాలిఫోర్నియా కార్డ్‌రూముల్లోనో వారాంతాల్లో పోకర్ ఆడే తెలుగువాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే పరిస్థితి ఇది: "నెలల తరబడి అసలు కలిసి రావట్లేదు. ముక్క పడట్లేదు. నాకసలు ఆటే రాదేమో అనిపిస్తోంది." ఈ వీడియో వాళ్ల కోసం.

దానికి ముందు ఒక విషయం సూటిగా చెప్పాలి. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆ నిషేధాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. కాబట్టి నేను చెప్పేదంతా చట్టం ఒప్పుకునే చోట, పోయినా ఇల్లు గడవడానికి ఇబ్బంది లేని డబ్బుతో ఆడేవాళ్లకే. అప్పు తెచ్చి ఆడుతున్నారా? పోయిన సంగతి ఇంట్లో దాస్తున్నారా? అయితే ఆట ఎలా బాగుచేసుకోవాలన్నది మీకు ఇప్పుడు అనవసరం. ముందు ఆట ఆపాలి. 1957లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన గ్యాంబ్లర్స్ అనానిమస్ సమావేశాలు ఇప్పుడు అమెరికాలో చాలాచోట్ల జరుగుతున్నాయి. ఫీజు ఉండదు, పూర్తి పేరు చెప్పక్కర్లేదు. ఈ వీడియో ఇక్కడే ఆపేసి, మీ ఊళ్లో ఆ సమావేశం ఎప్పుడుందో వెతకండి. మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

ఇక మిగిలినవాళ్ల కోసం ఒక సాయంత్రాన్ని దగ్గర్నుంచి చూద్దాం.

[స్క్రీన్ మీద: ఇస్పేటు రాణి, కళావరు రాణి]

ఆట టెక్సస్ హోల్డెమ్: ఎవరి చేతిలో వాళ్లకు రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు. బ్లైండ్‌లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, ఒక డాలరు, మూడు డాలర్లు; పెద్దదే బిగ్ బ్లైండ్. మీరు 300తో కూర్చున్నారు. రెండు రాణులు వచ్చాయి. 15కి పెంచారు, ఒక్కడే కాల్ చేశాడు, అంటే తనూ అంతే పెట్టాడు. ఫ్లాప్‌లో, అంటే టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఆటీన్ తొమ్మిది, ఆటీన్ నాలుగు, కళావరు రెండు. మీరు 25 పెట్టారు, అతను 90కి పెంచాడు, మీరు మిగిలినదంతా ముందుకు తోశారు. అతను కాల్ చేసి ముక్కలు తిప్పాడు: ఆటీన్ ఎనిమిది, ఆటీన్ ఏడు. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కలో, ఏమీ రాలేదు. రివర్‌లో, అంటే చివరి ముక్కగా, ఆటీన్ పడింది. అతనికి ఐదు ఆటీన్లు అయ్యాయి, అది మీ రాణుల జత కంటే పెద్దది. 300 పోయింది.

మళ్లీ 300 పెట్టి కూర్చున్నారు. ఇరవై నిమిషాల తర్వాత, టేబుల్‌లో అందరికన్నా ముందు మాట్లాడాల్సిన చోట మీకు రాజు, తొమ్మిది వచ్చాయి, రంగులు వేరు. మామూలు రోజైతే ఆలోచించకుండా పడేసే ముక్కలు. ఇవాళ మాత్రం "చూద్దాంలే" అనిపించింది. వెనకవాడు పెంచితే కాల్ చేశారు. ఫ్లాప్‌లో రాజు వచ్చింది. అతను పెడుతూ పోయాడు, మీరు కాల్ చేస్తూ పోయారు. చివర్లో అతను ఆసు, రాజు చూపించాడు. ఇద్దరికీ రాజుల జతే, కానీ మీ తొమ్మిది కంటే అతని ఆసు పెద్దది. ఇంకో 140 పోయింది.

ఇంటికి వెళ్తూ కారులో లెక్క వేసుకుంటే 440 డాలర్లు. జేబుకు సంబంధించినంతవరకు ఆ రెండు ఓటములకూ తేడా లేదు. ఆటకు మాత్రం చాలా ఉంది.

మొదటి చేతిలో, అంటే మొదటి పంపకంలో, డబ్బంతా లోపలికి వెళ్లేటప్పటికి ముందున్నది మీరే. ఫ్లాప్‌లో అలా రెండు ఆటీన్లు పడి, చేతిలో రెండు ఉన్నవాడికి మిగిలిన రెండు ముక్కల్లో ఇంకొకటి పడే అవకాశం దాదాపు 35 శాతం. అంటే మూడుసార్లకు ఒకసారి పడుతుంది. ఇవాళ పడింది. రేపు అదే చెయ్యి వస్తే రేపూ అలాగే ఆడాలి. ఆ 300 ముక్కలు చేసిన ఓటమి. మీదల్లా ఆ 140. వరసగా పోతున్న రోజుల్లో మనిషి దిద్దుకోవాల్సింది ఆ 140 ఒక్కటే. దురదృష్టమేమిటంటే, గుండెల్లో మండుతూ ఉండేది మాత్రం ఆ 300. ఫోన్ చేసి స్నేహితుడికి చెప్పుకునేదీ ఆ రివర్ ముక్క గురించే. రాజు-తొమ్మిది సంగతి నోటికే రాదు.

[స్క్రీన్ మీద: నేరుగా పైకి వెళ్లే గీత, దాని చుట్టూ ఎగుడుదిగుడు గీతలు]

ఆడటమే రాదేమోనన్న సందేహాన్ని కాసేపు లెక్కల్లో పెడదాం. ఒక ఆటగాడు నిజంగానే మంచివాడు, నూరు చేతులకు సగటున 5 బిగ్ బ్లైండ్‌లు గెలుస్తాడు అనుకుందాం. హోల్డెమ్‌లో నూరు చేతులకు వచ్చే ఒడిదుడుకు దాదాపు 90 బిగ్ బ్లైండ్‌లు అనుకుందాం. అలాంటివాడు కూడా 10,000 చేతులు ఆడాక నష్టంలో ఉండే అవకాశం 29 శాతం. కార్డ్‌రూములో డీలర్ గంటకు పంచేది పాతిక, ముప్పై చేతులు. వారానికి ఎనిమిది గంటలు ఆడేవాడికి 10,000 చేతులు పూర్తవడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. అంటే గెలిచే ఆట చేతిలో ఉన్నా, ఏడాదంతా ఓడిపోవడం వింతేమీ కాదు.

ఇందులో ధైర్యం ఉంది, ప్రమాదమూ ఉంది. నిజంగా చెడ్డగా ఆడేవాడు కూడా "నాది దురదృష్టమే" అని ఇదే లెక్క చూపించుకోవచ్చు. మూడు నెలల డబ్బు లెక్క చూసి ఎవరూ తేల్చలేరు. తేల్చగలిగేది చేతులు చూసే.

అందుకే ఫోన్‌లో నోట్స్ పెట్టుకోండి. గెలిచింది ఎంత, పోయింది ఎంత అని కాదు. పెద్ద నిర్ణయం తీసుకున్న ప్రతి చేతికీ నాలుగు సంగతులు: మీరు ఎక్కడ కూర్చున్నారు, ఏ ముక్కలు, పాట్ (మధ్యలో చేరిన డబ్బు) ఎంత, ఏం చేశారు. తర్వాత ఆట తెలిసిన స్నేహితుడికి ఆ చెయ్యి చెప్పండి, కానీ ఎవరు గెలిచారో చెప్పకండి. ఇది చాలా ముఖ్యం. ఫలితం తెలిస్తే ఎవరి తీర్పైనా అటే వాలుతుంది. నిర్ణయం దగ్గర ఆగి, "ఇక్కడ నువ్వైతే ఏం చేస్తావు?" అని అడగండి. పది చేతుల్లో ఏడెనిమిదింటికి అతను మీరు చేసిందే చెబితే, పోయిన ధైర్యం అక్కడ తిరిగి మొదలవుతుంది. ఎవరో వీపు తట్టి "ఏం కాదు బాస్" అంటే వచ్చే ధైర్యం మొదటి రీబై (మళ్లీ డబ్బు పెట్టి కూర్చోవడం) దాకా కూడా నిలవదు.

మిగిలిన రెండు మూడు చేతుల్లో మీ చెడ్డ అలవాటు దొరుకుతుంది. చాలామందికి అది "చూద్దాంలే" అని చేసే కాల్. దాన్ని కంట్రోల్ చేయడానికి ఒక్క లెక్క చాలు. రివర్‌లో పాట్ 100 ఉంది, అవతలివాడు 50 పెట్టాడు. 50 పెట్టి 150 కోసం ఆడుతున్నారు కాబట్టి, నాలుగుసార్లకు ఒకసారైనా మీరు గెలవాలి. అంతకు తక్కువ అనిపిస్తే పడేయాలి. చిప్‌లు పట్టుకునే ముందు ఆ అంకె మనసులో అనుకోండి. "వీడు నన్ను మోసం చేస్తున్నాడు" అన్న కోపానికి ఆ క్షణంలో చోటు తగ్గుతుంది.

ఇంకో అలవాటు ఉంది, అది అంత తేలిగ్గా బయటపడదు. భయం. రెండు జతలు చేతిలో ఉన్నా, "మళ్లీ ఏదో చూపిస్తాడు" అని రివర్‌లో పందెం పెట్టకుండా చెక్ చేసేస్తారు. అవతలివాడు చిన్న జత చూపించి పడేస్తాడు. పాట్ మీదే కాబట్టి గెలిచినట్టే ఉంటుంది. 60 పెట్టి ఉంటే కాల్ చేసేవాడు. ఆ 60 పోయినట్టు ఎక్కడా కనిపించదు. నా అభిప్రాయంలో, వరసగా ఓడే రోజుల్లో కోపం కంటే ఈ భయమే ఎక్కువ డబ్బు తింటుంది. నోట్స్‌లో గెలిచిన చేతులు కూడా రాయమనేది అందుకే.

[స్క్రీన్ మీద: గడియారం, రాత్రి రెండు గంటలు]

సమయం సంగతి కూడా చూడండి. 200 వస్తే గంటలోనే లేచిపోయేవాడు, 400 పోతే తెల్లవారేదాకా కూర్చుంటాడు. బాగా ఆడుతున్న రోజు తక్కువసేపు, కళ్లు మూతలు పడుతూ కోపంగా ఉన్న రోజు ఎక్కువసేపు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మనవాళ్లు అంటారు. పేక ముందు ఆ మాట నమ్మకండి. నష్టంలో ఉన్న మనిషి దాన్ని పూడ్చుకోవడానికి మామూలుగా చేయని సాహసాలు చేస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే సిద్ధాంతంగా చెప్పారు. ఇంతసేపు పోయింది కాబట్టి ఇక తిరుగుతుందనుకోవడం దానికి తోడైతే ఇంకా చేటు. 1913 ఆగస్టు 18న మాంటె కార్లో కాసినోలో రూలెట్ బంతి వరసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది. ఇక ఎరుపే అనుకుంటూ జనం లక్షల్లో పోగొట్టుకున్నారు. బంతికి గుర్తుండదు, పేకకూ గుర్తుండదు.

కాబట్టి ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వెళ్లండి: నాలుగు గంటలు, లేదా రెండు బై-ఇన్‌లు (ఒక్కోసారి కూర్చునేటప్పుడు పెట్టే డబ్బు) పోవడం, ఏది ముందైతే అప్పుడు లేవడం. ఏటీఎం కార్డు ఇంట్లో వదిలేయండి. గెలుస్తున్నా నాలుగు గంటలు కూర్చోండి, ఓడుతున్నా నాలుగు గంటలే కూర్చోండి.

ఒక మెట్టు దిగండి కూడా. 2-5 డాలర్ల బ్లైండ్‌ల టేబుల్‌లో ఆడేవాళ్లు 1-3కి రావడం నామోషీ అనుకుంటారు. స్టూ ఉంగర్ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌ను 1980, 1981, 1997లలో గెలిచాడు. ముక్కల ఆటల్లో అతనికి సాటి లేరనేవారు. పేకలో గెలిచింది గుర్రప్పందాల్లో, ఇతర పందేల్లో పోగొట్టుకున్నాడు, మాదకద్రవ్యాలు దానికి తోడయ్యాయి. 1998లో చనిపోయేనాటికి చేతిలో దాదాపు ఏమీ లేదు. అంతటి నైపుణ్యం కూడా డబ్బును కాపాడలేకపోయింది. చిన్న టేబుల్‌లో మీ చెయ్యి వణకదు, రివర్‌లో ఆ 60 పెట్టగలుగుతారు, రాజు-తొమ్మిది పడేయగలుగుతారు.

మళ్లీ పైకి ఎప్పుడు వెళ్లాలి? వరసగా నాలుగు వారాలు అనుకున్న సమయానికి లేవగలిగితే, నోట్స్‌లో "చూద్దాంలే" కాల్ ఒక్కటీ లేకపోతే, పై టేబుల్‌కు కావలసిన ముప్పై బై-ఇన్‌లు పక్కన ఉంటే వెళ్లండి. ఆ నాలుగు వారాల్లో డబ్బు వచ్చిందా పోయిందా అన్నది ఈ నిర్ణయంలోకి తీసుకోవద్దు.