ఎమ్డెన్‌కి ఒక చెల్లెలు: 1910 నాటి లైట్ క్రూయిజర్‌ని మనమే డిజైన్ చేద్దాం

నమస్తే అండి. చెన్నైలో హైకోర్టు ప్రహరీ గోడకి ఒక చిన్న ఫలకం ఉంటుంది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ లైట్ క్రూయిజర్ (వేగంగా తిరిగే చిన్న యుద్ధ ఓడ) ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించిందని దానిలో రాసి ఉంటుంది. ఆ రాత్రి రేవు దగ్గరున్న బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు తగలబడ్డాయి. మన కోస్తా జిల్లాలన్నీ అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి కాబట్టి, ఆ ఓడ కథ మనదీ కూడా. ఈరోజు దానికి ఒక చెల్లెల్ని తయారు చేద్దాం. ఇది చరిత్రలో లేని ఓడ. 1910లో జర్మన్ ఇంజినీరు టేబుల్ ముందు మనమే కూర్చున్నామనుకోండి.

పక్కన ఒక ఎక్సెల్ షీట్ తెరిచి పెట్టుకోండి. స్ప్రింగ్‌షార్ప్ అని ఇలాంటి ఓడల లెక్కలు వేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అదైనా పర్వాలేదు. కానీ మొదటిసారి చేత్తోనే లెక్కలు వేయమంటాను. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడే తెలుస్తుంది.

చాలామంది ఫిరంగులతో మొదలుపెడతారు. దయచేసి అలా చేయకండి. ముందు ఓడ చేసే పని ఏమిటో రాసుకోండి. మన ఓడ పని: హిందూ మహాసముద్రంలో ఒంటరిగా తిరుగుతూ శత్రువుల సరుకు ఓడలని పట్టుకోవడం, తనకన్నా పెద్దది ఎదురైతే తప్పించుకోవడం. సొంత రేవు వేల మైళ్ళ దూరంలో ఉంటుంది. ఈ నాలుగు ముక్కల్లోనే సగం డిజైన్ ఉంది.

ఇప్పుడు కొలతలు. ఎమ్డెన్ పొడవు 118 మీటర్లు, వెడల్పు 13.5. మనం వెడల్పు అదే ఉంచి పొడవు 130 చేద్దాం. పొడవు పెరిగితే ఓడ తాను లేపే అలల మీదే శక్తి తగలేయడం తగ్గుతుంది. నీటిలో మునిగే లోతు 5.2 మీటర్లు. మూడూ గుణిస్తే 9,126 ఘనపు మీటర్లు. అయితే ఓడ ఇటుకలా ఉండదు కదా, ముందూ వెనకా సన్నగా చెక్కి ఉంటుంది. అందుకని 0.48తో గుణించండి. దాన్ని ఉప్పునీటి సాంద్రత 1.025తో గుణిస్తే దాదాపు 4,500 టన్నులు. బొగ్గు, మందుగుండు నిండా ఎక్కించాక మన ఓడ బరువు ఇదే. ఇక ఇందులో ఒక్క టన్ను పెరగడానికి వీల్లేదు. జీతం రాళ్ళతో నెల గడిపే ఇల్లాలి లెక్క ఇక్కడ పనికొస్తుంది.

వేగానికి వద్దాం. ఎమ్డెన్ 13,500 హార్స్‌పవర్‌తో 23.5 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, 1.85 కిలోమీటర్లు) వెళ్ళేలా డిజైన్ చేశారు. మనకి 26 కావాలి. రెండున్నర నాట్లే కదా అనిపిస్తుంది. కానీ కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. 26ని 23.5తో భాగించి, వచ్చినదాన్ని మూడుసార్లు వేసుకుని ఒకదానితో ఒకటి గుణించండి: 1.35. అంటే సుమారు 18,300. మన ఓడ బరువెక్కువ కాబట్టి 20,000 రాసుకుందాం. నిజంగా ఆ తర్వాత వచ్చిన మాగ్డెబర్గ్ తరగతి ఓడలకి 27 నాట్లు దాటడానికి సుమారు 25,000 పెట్టాల్సి వచ్చింది. ఎమ్డెన్‌ది పాత పిస్టన్ ఆవిరి ఇంజను. దాని జోడీ ఓడ డ్రెస్డెన్‌లో అప్పటికే టర్బైన్లు (ఆవిరి తోపుకి గుండ్రంగా తిరిగే ఇంజన్లు) పెట్టారు. మనమూ టర్బైన్లే పెడదాం.

ఇక బొగ్గు. నాకు ఈ మొత్తం పనిలో ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 0.9 కిలోల బొగ్గు వేసుకోండి. పూర్తి వేగంలో గంటకి 18 టన్నులు! వెయ్యి టన్నులు నింపుకున్నా 55 గంటల్లో ఖాళీ. 18 టన్నులంటే మూడు నిమిషాలకి 900 కిలోలు, అదంతా మనుషులు పారలతో కొలిమిలో వేయాలి. ఆ వేడిలో, ఆ ఊగే నేల మీద. అందుకే ఇలాంటి ఓడలు మామూలుగా 12 నాట్లకి అటూఇటూ నడిచేవి. ఆ వేగంతో కూడా ఎమ్డెన్ సుమారు 3,700 నాటికల్ మైళ్ళే వెళ్ళగలదు. మద్రాసుకి రాకముందే అది పొంటోపొరోస్ అనే ఓడని పట్టుకుంది. అందులో ఉన్నది మన దేశపు బొగ్గే. దాన్ని కాలిస్తే నల్లటి పొగ దండిగా వచ్చేది. దాక్కోవాల్సిన ఓడకి అంతకన్నా టెన్షన్ ఏముంటుంది? తర్వాత బురెస్క్ అనే ఓడలో మేలు రకం కార్డిఫ్ బొగ్గు దొరికి ఊపిరి పీల్చుకున్నారు. కాబట్టి మన షీట్‌లో బొగ్గు 1,000 టన్నులు. దీన్ని మాత్రం తగ్గించనివ్వను.

కవచం లెక్క తేలిక. ఎమ్డెన్‌కి డెక్ కవచమే గానీ పక్కల ఉక్కు పలకలు లేవు. మనం బాయిలర్లు, ఇంజన్లు ఉన్నంత మేర, 80 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల ఎత్తు, 60 మిల్లీమీటర్ల మందంతో రెండు పక్కలా పెడదాం. 24 ఘనపు మీటర్ల ఉక్కు, 188 టన్నులు. డెక్, కమాండ్ టవర్ కలిపితే 400. బొగ్గు గదులని ఈ పలకల వెనకే పెట్టండి, అదనపు రక్షణ. కాకపోతే బొగ్గు తరిగేకొద్దీ ఆ రక్షణా తరిగిపోతుంది.

ఇప్పుడు ఫిరంగులు. 1914 నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఎమ్డెన్‌కి ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ ఎదురైంది. ఫిరంగిని దాని గొట్టం లోపలి వెడల్పుతో కొలుస్తారు: ఎమ్డెన్‌కి 10.5 సెంటీమీటర్లవి పది, సిడ్నీకి ఆరంగుళాలవి (సుమారు 15 సెంటీమీటర్లు) ఎనిమిది. పది ఎక్కువ కదా అనుకుంటాం. కానీ రెండు ఓడల్లోనూ ఒక పక్కకి పేలేవి అయిదే, మిగతావి అవతలి పక్కన ఉండిపోతాయి. ఎమ్డెన్ గుండు సుమారు 17.4 కిలోలు, సిడ్నీది 45. ఒక్కో విడతకి 87 కిలోలు ఇటు, 225 అటు. మొదట గురి కుదిరింది ఎమ్డెన్‌కే, సిడ్నీ దూరం కొలిచే పరికరం ఒకటి పోయింది. అయినా చివరికి ఎమ్డెన్ నార్త్ కీలింగ్ దీవి దిబ్బ ఎక్కాల్సి వచ్చింది. దాదాపు 130 మంది చనిపోయారు.

మరి మనమూ పెద్దవే పెడదామా? ఫిరంగికి 150 చొప్పున గుండ్లే చూసినా 26 టన్నుల చోట 54 అవుతాయి. ఆపైన ఫిరంగులూ బరువే, పైగా అదంతా డెక్ మీద. పైబరువు పెరిగితే ఓడ ఒరిగినప్పుడు తిరిగి లేవడం కష్టం. నా తీర్పు ఇది: 15 సెంటీమీటర్లవి అయిదు చాలు, కానీ అయిదూ ఓడ నడిమి గీత మీద, ముక్కు నుంచి తోక దాకా ఒకే వరసలో. ఏ పక్కకైనా అయిదూ పేలతాయి. 1910లో ఇది సాహసమే. బ్రిటిష్ వాళ్ళు 1916 నాటి సీ (C) క్లాస్ క్రూయిజర్లలో సరిగ్గా ఇదే చేశారు.

షీట్ నింపండి, ఇవన్నీ టన్నుల్లో, నా అంచనాలు: హల్ (ఓడ ఒళ్ళు) 1,650, యంత్రాలు 950, కవచం 400, ఫిరంగులూ మందుగుండూ 250, బొగ్గు 1,000, మనుషులు, నీళ్ళు, తిండి, పడవలు 250. మొత్తం 4,500. సరిపోయింది.

చివరిగా పొగగొట్టాలు. ఇన్ని బాయిలర్లకి మూడు చాలవు, నాలుగు గీయండి. పెనాంగ్ రేవులోకి దూరేటప్పుడు బ్రిటిష్ ఓడలా కనబడాలని ఎమ్డెన్ ఒక ఉత్తుత్తి నాలుగో గొట్టం నిలబెట్టుకుంది. మన చెల్లెలికి ఆ నాలుగోది పుట్టుకతోనే ఉంటుంది.