లైబ్రరీ పీరియడ్‌లో ఫోన్ ఎందుకు? – చర్చా కార్యక్రమం

యాంకర్: నమస్కారం. బడి లైబ్రరీ అంటే చాలామందికి గుర్తొచ్చేది తాళం వేసిన బీరువానే. ఇప్పుడు కొన్ని బళ్లలో ఆ బీరువా పక్కనే పిల్లలకు ఫోన్‌లో వచ్చేదాంట్లో నిజమేదో తేల్చుకోవడం నేర్పుతున్నారు. మేడమ్, మీ బడిలో ఎలా మొదలైంది?

తెలుగు టీచర్: మా హైస్కూల్లో లైబ్రేరియన్ లేరండి, తాళం నా దగ్గరే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, తొమ్మిదో తరగతి పిల్లాడొకడు వాళ్ల నాన్న ఫోన్‌కు వచ్చిన ఫొటో గురించి చెప్పాడు. కిటికీల దాకా నీళ్లు. "విజయవాడ సింగ్‌నగర్ అంట టీచర్" అన్నాడు. ఆ ఫొటో తెప్పించి, లైబ్రరీ పీరియడ్‌లో గూగుల్ లెన్స్‌లో, అంటే ఫొటో పెడితే అలాంటివి ఇంకెక్కడున్నాయో చూపించేదాంట్లో, వెతికాం. 2009 కర్నూలు వరదల వార్తల్లో అదే ఫొటో ఉంది! పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు. ఒకమ్మాయి ఫొటోని పెద్దది చేసి, షాపు బోర్డు మీద కర్నూలు అన్న పేరు చదివింది. నేనూ గమనించలేదు.

తల్లి: వినడానికి బాగుందండి. కానీ మా బాబు చేతికి ఫోన్ ఇస్తే రీల్స్ తప్ప ఇంకోటి చూడడు. బడిలోనూ ఫోనంటే నాకు టెన్షనే.

విశ్రాంత గ్రంథపాలకుడు: మీ భయం అర్థమైందమ్మా. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంట పల్లెలకు తీసుకెళ్లారు. చదివేవాళ్లు ఎక్కడుంటే లైబ్రరీ అక్కడికి వెళ్లింది. ఇప్పుడు మన పిల్లలు చదివేది ఫోన్‌లోనే కదా. కేరళ చూడండి. టీకాల మీద వాట్సాప్ పుకార్లు నమ్మి తల్లిదండ్రులు పిల్లలకు వేయించబోమన్నారు. దాంతో 2018లో కన్నూరు కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ దాదాపు 150 ప్రభుత్వ బళ్లలో 'సత్యమేవ జయతే' పేరుతో క్లాసులు పెట్టించారు. 2022లో అదే పేరుతో రాష్ట్రమంతా నేర్పారు.

యాంకర్: ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి ట్యాబ్‌లు ఇచ్చారుగా?

తెలుగు టీచర్: ఇచ్చారు, వాటిలో పాఠాలున్నాయి. పాఠం చూడటం వేరు, చూసినదాన్ని ప్రశ్నించడం వేరండి. పక్కన కూర్చుని "ఇది మొదట పెట్టిందెవరు? తేదీ ఎప్పటిది?" అని అడిగే మనిషి కావాలి. నాకున్నది వారానికి ఒక్క పీరియడ్. పరీక్షలొస్తే అదీ లెక్కలకి పోతుంది. ముందు లైబ్రేరియన్ పోస్టు ఇవ్వమనే నేను ప్రతి మీటింగులో అడుగుతున్నాను.

తల్లి: మరి ఇంట్లో నేనేం చేయాలి మేడమ్?

తెలుగు టీచర్: మీకొచ్చిన ఫార్వర్డ్ ఒకటి బాబుకే ఇచ్చి, నిజమో కాదో చూసి చెప్పమనండి.

తల్లి: వెల్లుల్లి నీళ్లు తాగితే షుగర్ పోతుందని మా అత్తయ్య పొద్దున్నే పంపారు. ఆవిడ మాత్రలు మానేస్తారేమోనని భయంగా ఉంది.

తెలుగు టీచర్: అయితే ఈ రాత్రికి అదే ఇవ్వండి. రాసింది డాక్టరేనా, ఆ మాట ఇంకెక్కడైనా ఉందా వెతకమనండి. తేలింది నానమ్మకు వాడినే ఫోన్ చేసి చెప్పనివ్వండి.