చాన్సుల్లేక చేశారంటే ఒప్పుకోను: జానీ ఇంగ్లిష్‌లో రెండో ఎద్దు ఎవరు?

హాయ్, ఒంగోలు నుంచి మళ్లీ నేనే. ఫ్యాన్ శబ్దం రికార్డింగ్‌లో పడుతోందని ఆపేశా, కాబట్టి ఈ చెమట గురించి ఎవరూ అడగొద్దు.

జానీ ఇంగ్లిష్, అదే మన మిస్టర్ బీన్ రోవన్ అట్కిన్సన్ గూఢచారిగా చేసిన స్పై కామెడీ, దాని కథ మీకు చెప్పక్కర్లేదు. నన్ను చిరాకు పెడుతున్నది కథ కాదు, ఆ సినిమా పేరెత్తిన ప్రతిసారీ ఎవరో ఒకరు అనే ఒక మాట. "జాన్ మాల్కోవిచ్ అంతటోడు మిస్టర్ బీన్ పక్కన విలనేంది, చాన్సులు తగ్గినట్టున్నాయ్." రోజమండ్ పైక్ గురించీ ఇదే మాట, ఎమ్మా థాంప్సన్ గురించీ ఇదే మాట. వీళ్ల లెక్కలో స్పై కామెడీ అంటే పెద్ద నటులు ఖాళీగా కూర్చున్నప్పుడు కరెంటు బిల్లు కట్టుకోవడానికి ఒప్పుకునే పని. ఏందబ్బా ఇది, కనీసం వాళ్ల కెరీర్లలో సంవత్సరాలైనా చూసి మాట్లాడాలి కదా.

మన జిల్లాలో తిరునాళ్లప్పుడు బండలాగుడు చూసినవాళ్లకి నేను చెప్పేది తొందరగా ఎక్కుతుంది. కాడికి రెండు ఎద్దులుంటాయి. జనం చూపంతా ఒకదాని మీదే, అది తల విసురుతుంది, రంకె వేస్తుంది, ఫోన్లన్నీ దాని వైపే తిరుగుతాయి. పక్కన ఇంకోటి తల దించుకుని లాగుతూ ఉంటుంది. అది ఒక్క అడుగు తడబడిందంటే బండ పక్కకి తిరిగిపోతుంది, టైమ్ పోతుంది, ఆ రంకెలన్నీ దండగ. కామెడీలో నవ్వించేవాడు మొదటి ఎద్దు. వాడు ఎంత పిచ్చి పని చేసినా మొహంలో గీత కదలకుండా నిలబడేవాడు రెండో ఎద్దు. స్పై కామెడీలో ఈ రెండోదానికి ఇంకా ఎక్కువ బరువు, ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్లు నిజం గూఢచారి సినిమాలో ఉన్నట్టు ఉంటేనే మధ్యలో ఉన్నవాడు వెధవలా కనిపిస్తాడు. అందరూ వెధవలే అయితే నవ్వాల్సింది ఎవర్ని చూసి?

ముందు మొదటి ఎద్దు సంగతి. రోవన్ అట్కిన్సన్ చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, న్యూకాజిల్‌లో, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో మాస్టర్స్. బీటెక్ చేసి షార్ట్ ఫిల్ములేంట్రా అని తిట్టే నాన్నలు ఈ ముక్క ఇంకోసారి వెనక్కి తిప్పి వినండి. 1983లో బ్లాకాడర్, 1990లో మిస్టర్ బీన్, ఈ టీవీ సీరియళ్లు అందరికీ తెలిసినవే. తెలియనిది ఏంటంటే, 1983లోనే షాన్ కానరీ మళ్లీ బాండ్‌గా వచ్చిన నెవర్ సే నెవర్ అగైన్‌లో, బహామాస్‌లో గాబరా గాబరాగా తిరిగే బ్రిటిష్ అధికారి ఈయనే. అంటే జానీ ఇంగ్లిష్‌కి 20 ఏళ్ల ముందే అసలు బాండ్ పక్కన నిలబడి వచ్చాడు.

ఆ తర్వాత 1990ల్లో బార్‌క్లేకార్డ్ అనే క్రెడిట్ కార్డు యాడ్స్ చేశాడు. అందులో లాతమ్ అనే గూఢచారి, అన్నీ తనకే తెలుసనుకునే రకం, ఆ కార్డు నాకెందుకంటాడు, పక్కనున్న కుర్ర అసిస్టెంట్ బాఫ్ నోరు మూసుకుని అదే కార్డుతో పని కానిచ్చేస్తాడు. ఆ లాతమే పేరు మార్చుకుని 2003లో జానీ ఇంగ్లిష్ అయ్యాడు. చూశారా, రెండు నిమిషాలు కూడా లేని యాడ్‌లోనే కాడికి రెండు ఎద్దుల్ని కట్టారు.

[స్క్రీన్ మీద: 2003 సినిమా పోస్టర్]

దీన్ని రాసినవాళ్లలో ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి, నీల్ పర్విస్, రాబర్ట్ వేడ్. 1999లో, 2002లో వచ్చిన బాండ్ సినిమాలకి రాసింది వీళ్లే, తర్వాత 2006 క్యాసినో రొయేల్‌కీ రాశారు. బాండ్‌ని ఎక్కిరించే సినిమాని బాండ్ రచయితలే రాశారన్నమాట. మరి వాళ్లు పక్క పాత్రలకి ఎలాంటి నటుల్ని కోరుకుంటారు?

అందుకే మాల్కోవిచ్. అప్పటికే రెండుసార్లు ఆస్కార్ నామినేషన్, ఒకటి 1984 సినిమాకి, ఇంకోటి 1993లో క్లింట్ ఈస్ట్‌వుడ్‌కి ఎదురుగా హంతకుడిగా చేసిన దానికి. ఆయన పేరు మీదే 1999లో ఒక సినిమా వచ్చింది, అందులో ఆయన పాత్ర ఆయనే చేశాడు. చాన్సులు లేనివాడా ఈయన! జానీ ఇంగ్లిష్‌లో ఈయన ఫ్రెంచి కోటీశ్వరుడు, ఇంగ్లండ్‌కి రాజై దేశం మొత్తాన్ని జైలు చేద్దామనుకుంటాడు. ఎంత పనికిమాలిన ప్లానో చూడండి, అయినా ఆ ఫ్రెంచి యాసలో ఎక్కడా కన్ను కొట్టకుండా చెప్తాడు. కన్ను కొట్టి ఉంటే సినిమా అక్కడే పడిపోయేది.

నాకు వీళ్లందరి కంటే ఇష్టమైనవాడు మాత్రం బాఫ్. సినిమాలో ఆ పాత్ర చేసింది బెన్ మిల్లర్. ఈయనా సైన్సు మనిషే, కేంబ్రిడ్జ్‌లో ఫిజిక్స్ పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి కామెడీలోకి వచ్చాడు. అంత్యక్రియల సీన్ గుర్తుందా? అది దొంగ శవయాత్ర అనుకుని జానీ లోపలికి దూరి నానా రభస చేస్తాడు, తీరా చూస్తే నిజంగానే ఎవరో పోయారు. ఏడుస్తున్న కుటుంబం మధ్యలో హీరో కర్రలా బిగుసుకుపోతాడు. అప్పుడు బాఫ్ వస్తాడు, ఈయన పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకున్న పేషెంటండీ అన్నట్టు పట్టుకుని, తీసుకెళ్లిపోతాడు. అంతే. ఆ సీన్‌లో మనం గట్టిగా నవ్వేది ఎక్కడో ఈసారి గమనించండి. రభస దగ్గర సగమే నవ్వుతాం, మిగతా సగం బాఫ్ మొహం కోసం దాచుకుంటాం. బండని గీత దాటించింది ఎవరు మరి? (మన నెల్లూరు జిల్లా రమణారెడ్డిని, రేలంగిని కలిపి ఎందుకు కట్టేవాళ్లో కూడా ఇందులోనే ఉంది. ఒకరిని తీసేసి ఇంకొకరిని చూడండి, ఏదో వెలితి. అది ఇంకో వీడియో.)

2011లో రెండో సినిమా. బాఫ్ లేడు. బెన్ మిల్లర్ అదే ఏడాది డెత్ ఇన్ ప్యారడైజ్ అనే సీరియల్‌లో ప్రధాన డిటెక్టివ్, అంటే మనవాడు మొదటి ఎద్దు అయిపోయాడు. అతని జాగాలోకి టక్కర్ అనే కుర్ర ఏజెంట్ వచ్చాడు. మన దగ్గర ఎడ్లని పళ్లు చూసి విభాగాలు చేస్తారు కదా, ఈ కుర్రాడు అప్పటికి ఖచ్చితంగా రెండు పళ్ల విభాగం. బాత్రూమ్ సీన్‌లో అసలు ద్రోహి ఎవరో టక్కర్ సరిగ్గా కనిపెట్టి చెప్తాడు, జానీ వినకుండా టక్కర్‌నే బయటికి పంపేస్తాడు. ఆ కుర్రాడి కోపం నిజమైన కోపం. ఆ నటుడి పేరు డేనియల్ కలూయా. అవును, 2017 గెట్ అవుట్ హీరో, ఆస్కార్ నామినేషన్, ఆ తర్వాత 2021లో జూడస్ అండ్ ద బ్లాక్ మెస్సయాకి ఏకంగా ఆస్కార్. ఆ బాత్రూమ్‌లో బయటికి పో అనిపించుకున్న మనిషి.

అదే సినిమాలో రోజమండ్ పైక్. ఈమె మొదటి సినిమానే 2002 బాండ్ సినిమా, డై అనదర్ డే. జానీ ఇంగ్లిష్ తర్వాత మూడేళ్లకి గాన్ గర్ల్, ఉత్తమ నటి నామినేషన్. కెరీర్ పడిపోతుంటే చేసిందంటారా దీన్ని? బాస్‌గా చేసింది గిలియన్ ఆండర్సన్, ఎక్స్ ఫైల్స్ స్కల్లీ. ప్రధానమంత్రితో మీటింగ్‌లో జానీ కూర్చున్న కుర్చీ పైకీ కిందికీ పోతూ ఉంటుంది చూడండి, ఈసారి అట్కిన్సన్‌ని వదిలేసి టేబుల్ చుట్టూ మిగిలిన మొహాలు మాత్రమే చూడండి. ఆ మొహాల్లో ఒక్కరు నవ్వినా అది కుర్చీ రిపేరు సీన్ అయిపోతుంది.

అబ్బా, 10 నిమిషాలు దాటిపోయింది, ఇక పరుగే. 2018, మూడో సినిమా, బాఫ్ తిరిగొచ్చాడు. ప్రధానమంత్రి ఎమ్మా థాంప్సన్, నటనకొక ఆస్కార్, స్క్రీన్‌ప్లేకొక ఆస్కార్, ఆ రెండూ గెలిచిన మనిషి ఇప్పటికీ ఈమె ఒక్కతే. ఓల్గా కురిలెంకో, 2008 బాండ్ సినిమా క్వాంటమ్ ఆఫ్ సొలేస్ హీరోయిన్. మళ్లీ బాండ్ దొడ్లోంచే తెచ్చుకున్నారు, గమనించారుగా. డబ్బు సంగతా, మూడు సినిమాలూ ప్రపంచం మొత్తం మీద తలా సుమారు 16 కోట్ల డాలర్లు. అట్కిన్సన్ కూడా మధ్యలో 2016, 2017ల్లో మెగ్రే అనే డిటెక్టివ్‌గా టీవీలో చేశాడు, ఒక్క జోకు లేకుండా. బీన్ తప్ప ఏమీ రాదనేవాళ్లు ముందు అది చూడండి.

ఇంక మన నెల్లూరు ఏజెంట్ గురించి అరగంట చెప్దామనుకున్నా, అరనిమిషమే ఉంది. ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ, 2019, గూఢచారి కాదు డిటెక్టివ్, సరే, అదే వీధి. నవీన్ పొలిశెట్టి ఒక్క రాత్రిలో స్టార్ అయ్యాడంటారు, ఈయనా ఇంజినీరే, ఉద్యోగం వదిలేసి వచ్చాడు, 2012లో లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్‌లో చిన్న వేషం, 2014లో మహేష్ బాబు వన్ నేనొక్కడినేలో ఇంకో చిన్న వేషం, ఆత్రేయకి స్క్రీన్‌ప్లేలో చెయ్యి కూడా వేశాడు. మరి పక్కన లాగింది ఎవరు? శ్రుతీ శర్మ. ఆత్రేయ గొప్పలన్నీ నోరు మూసుకుని వినే అసిస్టెంట్. ఆ అమ్మాయి తర్వాత పగ్‌లైట్ అనే హిందీ సినిమా చేసింది, 2024లో సంజయ్ లీలా భన్సాలీ హీరామండిలో కనిపించింది. ఆత్రేయలో సుహాస్ కూడా ఉన్నాడు, 2020లో కలర్ ఫొటో హీరో అయ్యాడు, ఆ సినిమాకి జాతీయ అవార్డు కూడా వచ్చింది.

ఫోన్ చార్జింగ్ 3 శాతం చూపిస్తోంది. 1986 చంటబ్బాయి గురించి అడిగినవాళ్లకి, అది తర్వాతి వీడియో, చిరంజీవి పక్కన ఎవరెవరు లాగారో