రీపర్ రివ్యూ: విజయనగరంలో మా స్టూడియోకి లైసెన్సు ఎందుకు కొన్నానంటే

నమస్తే అండి. ఇది విజయనగరంలో మా చిన్న స్టూడియో. పదడుగుల గది, రెండు మైకులు, ఒక కంప్యూటర్. ఈరోజు రీపర్ గురించి చెప్తాను. పాటలు రికార్డు చేసి, మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్ ఇది. కానీ ముందు నేను దీని దగ్గరికి ఎలా వచ్చానో చెప్పాలి.

కంప్యూటర్ కొన్నప్పుడు షాపతను "అన్నీ వేసేశానన్నా, ఫుల్ వెర్షన్" అన్నాడు. లక్షలు చేసే ప్లగిన్లు, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే అదనపు పనిముట్లు, ఉట్టినే వచ్చాయని సంబరపడ్డాను. రెండేళ్ళు బాగానే నడిచింది. తర్వాత గొంతుకి ప్రతిధ్వని కలిపే ఒక రివర్బ్ ప్లగిన్‌కి క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ, నేనే దింపాను. దాంతోపాటు వచ్చిన సూచనల్లో మొదటి మాటే "యాంటీవైరస్ ఆపండి". ఆపేశాను.

అప్పుడు గజపతినగరం వైపు తప్పెటగుళ్ళ జానపద బృందం పాటలు మిక్స్ చేస్తున్నాను. పైడితల్లమ్మ సిరిమాను జాతరకి విడుదల చేద్దామని. తెల్లారి చూస్తే ప్రతి ఫైలు పేరుకీ చివర ఏదో తోక. ఫోల్డర్‌లో ఒక రీడ్‌మీ: 980 డాలర్లు కట్టు, 72 గంటల్లో కడితే 490. స్టాప్ డీజేవూ అనే రాన్సమ్‌వేర్ అది, ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్. క్రాకుల వెంటే ఎక్కువగా వస్తుంది.

అది ప్రతి ఫైల్లో మొదటి 150 కేబీ వరకే తాళం వేస్తుంది. అందుకని వేవ్ ఫైళ్ళు, అంటే రికార్డు చేసిన ఆడియో, చాలావరకు దక్కాయి, ఒక్కోదాంట్లో మొదటి సెకను పోయింది. సెకనే కదా అనుకోకండి. బృందం గురువుగారి గొంతు చిన్న చిన్న ముక్కలుగా తీశాను. "అమ్మా" అన్న చోటల్లా "మ్మా" అని వినిపించింది. ఏ ట్రాకు ఎక్కడ, ఎంత అని రాసుండే ప్రాజెక్టు ఫైళ్ళయితే తెరుచుకోనే లేదు, మిక్సింగంతా గల్లంతు. ఆయన కలుపు పనులు వదులుకుని మళ్ళీ వచ్చి పాడారు. ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఆయన మొహం చూడలేకపోయాను.

సరే, రీపర్. 2006లో వచ్చింది. చేసినాయన జస్టిన్ ఫ్రాంకెల్, మనమంతా పాటలు విన్న విన్‌యాంప్ చేసినాయనే. 60 రోజులు ఏదీ కత్తిరించకుండా ట్రయల్ ఇస్తారు. తర్వాత లైసెన్సు 60 డాలర్లు, అంటే ఐదు వేల పైచిలుకు. స్టూడియో ఆదాయం ఏడాదికి 20,000 డాలర్లు దాటితేనే 225 కట్టాలి. మనలాంటి వాళ్ళకి 60 చాలు. ఇప్పుడు 7వ వెర్షన్ కొంటే 8 పూర్తయ్యేదాకా అప్‌డేట్లకి పైసా కట్టక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదిగో, స్క్రీన్ చూడండి. ప్రాజెక్టు ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరుస్తున్నాను. మామూలు అక్షరాలే! ట్రాకుల పేర్లు కనిపిస్తున్నాయా? తప్పెట 1, తప్పెట 2, గజ్జెలు, గురువుగారు. రేపు ఏదైనా చెడిపోయినా ఏ ఆడియో ఎక్కడుందో చదువుకోవచ్చు. ఒకసారి తాళం పడ్డ ఫైళ్ళ ముందు కూర్చున్నవాడికి ఇది ఎంత ధైర్యమో నాకు తెలుసు.

లోటు కూడా చెప్పాలి. రెడీమేడ్ వాయిద్యాల శబ్దాలు ఇందులో దాదాపు లేవు. శబ్దంలో బేస్, ట్రెబుల్ సర్దే ఈక్యూ, హెచ్చుతగ్గులు సమం చేసే కంప్రెసర్ మాత్రం రీపర్‌తోపాటే వస్తాయి, మంచివి. బీట్లు కట్టే తమ్ముళ్ళకి ఎఫ్‌ఎల్ స్టూడియో అనే ఇంకో సాఫ్ట్‌వేర్ తేలిక. ఒకసారి కొంటే అప్‌డేట్లు జీవితాంతం ఉచితం. కానీ దాని ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు కొనేదాకా మళ్ళీ తెరుచుకోదు.

"క్రాక్ వాడితే ఎవరు పట్టుకుంటారన్నా" అని నన్ను అడుగుతుంటారు. కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసే వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. సంపాదన కోసం వాడకపోతే కోర్టు జైలు తప్పించవచ్చు. మనం గంటకింత అని తీసుకుంటున్నాం కదా.

ఇప్పుడు వినిపించేది గురువుగారు రెండోసారి పాడింది. మొత్తం రీపర్‌లోనే చేశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, గజ్జెలు ఎడమ వైపు నుంచి మొదలవుతాయి.