దీపావళి రాత్రి మంచం కింద

శ్రోతలకు నమస్కారం. దీపావళికి ఇంకా నెల రోజులుంది. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు పండగ పనులు మొదలుపెట్టాల్సింది ఇప్పుడే.

మన చెవి 20,000 హెర్ట్జ్‌ల దాకానే వింటుంది. కుక్క చెవి దాదాపు 45,000 దాకా అందుకుంటుంది. పైగా టపాసుల మోత ఎందుకొచ్చిందో, ఎప్పుడు ఆగుతుందో పాపం దానికి తెలీదు.

వణుకు కంటే ముందే భయం కనిపిస్తుంది. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది. తిండి ఎదురుగా లేకపోయినా నాలుకతో ముక్కు తడుపుకుంటుంది. తల కదపకుండా కళ్లు పక్కకు తిప్పితే కంటి అంచున తెల్లగుడ్డు నెలవంకలా తేలుతుంది. ఇష్టమైన ముక్క కూడా ముట్టడం లేదంటే భయం బాగా ముదిరినట్టే.

ఇప్పట్నుంచీ రోజూ ఐదు నిమిషాలు ఫోన్లో టపాసుల చప్పుడు వినిపించండి, చెవి రిక్కించాలే గాని కంగారు పడకూడదు, అంత సన్నగా. ఢామ్మన్న మరుక్షణం గోరంత ఉడికిన చికెన్ ముక్క పెట్టండి. ముక్క ముందు, చప్పుడు తర్వాత అయితే ముక్కను చూసే బెదరడం నేర్చుకుంటుంది. రెండు మూడు రోజులకోసారి ఒక్క మెట్టు పెంచండి. తినడం మానేస్తే మెట్టు దిగండి. మొదటిరోజే గట్టిగా పెట్టి "అదే అలవాటవుతుందిలే" అంటే భయం ఇంకా పాతుకుపోతుంది.

పండగనాడు పొద్దు వాలకముందే తిప్పుకొచ్చి తిండి పెట్టేయండి. లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను, రేడియో వేసి, నీళ్లుంచండి. బెదిరిన కుక్క గోడ దూకి పారిపోతుంది, మెడపట్టీకి మీ ఫోన్ నంబరు తగిలించండి. మంచం కింద దూరితే లాగకండి. ఒడిలోకొస్తే నెమ్మదిగా నిమరండి. ఊరడిస్తే భయం పెరుగుతుందన్న మాట నమ్మకండి, ఓదార్పు వల్ల కుక్కకు భయం పెరగదు.

మనుషుల నిద్రమాత్రలు వేయొద్దు. కొన్ని మత్తుమందులకు ఒళ్లు వాలిపోతుంది గానీ లోపలి భయం తగ్గదు. పశువైద్యుణ్ణి పది రోజుల ముందే కలిసి, ఆయన ఇచ్చిన మందును ప్రశాంతంగా ఉన్న ఒక రోజు వేసి చూడండి. పండగనాడు మోత మొదలవకముందే అది కడుపులో పడాలి.

తెల్లారాక తలుపు మీద గీతలు, నేల మీద తడి కనిపించవచ్చు. తిడితే తల వంచి తోక ముడుస్తుంది. అది తప్పు ఒప్పుకోవడమని మనం అనుకుంటాం. కుక్కల ప్రవర్తన మీద పరిశోధించే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009 అధ్యయనంలో ఏ తప్పూ చేయని కుక్కలు కూడా యజమాని కోప్పడగానే అలాగే ముఖం పెట్టాయి. అది మన గొంతుకు బెదరడం. నేల తుడిచేసి, ఆ రోజంతా దాన్ని నిద్రపోనివ్వండి.